టైలు ముక్కలాంటి పెన్ డ్రైవ్

గురువారం, 12

ల్యాప్‌టాప్ పోయింది. రిపేరు షాపతను దాన్ని తిరగేసి, ఊపి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "లోపల ఇంకా నీళ్లున్నాయండీ" అన్నాడు, కొబ్బరికాయ గురించి చెప్పినట్టు.

నీళ్లు పోసింది బుడంకాయ, అక్క కూతురు. కీబోర్డుకు తలంటు పోసిందట. "చిన్నపిల్ల, దానికేం తెలుసు" అంది అమ్మ. సరే, దానికి తెలియదు. మరి తిట్లు నాకెందుకు? "కింద ఎవరు పెట్టమన్నారే" అట. మా ఇంట్లో తప్పు ఎవరు చేసినా దాని చిరునామా మాత్రం నాదే.

సరిగ్గా ఇవాళే ఆ మెయిలు రావాలా! కళ్లు కనిపించనివాళ్లకు సినిమా చెప్పే సంస్థ. మాటకూ మాటకూ మధ్య ఖాళీల్లో తెరమీద ఏం జరుగుతోందో ఒక గొంతు చెబుతూ ఉంటుంది. ఆ గొంతు చదివే వాక్యాలు ఎవరో ఒకరు రాయాలి. ఆ ఎవరో ఒకరు నేను కావాలి. పరీక్షగా ఇరవై నిమిషాల సినిమా ఒకటి ఇచ్చారు. ఇరవై ఏడు సాయంత్రంలోగా రాసి పంపాలి. కొండంత ఫైలు, ఫోనులో తెరుచుకోదు, కంప్యూటర్లోకి దించుకోవాల్సిందే. షరతు ఒకటే, లావు అక్షరాల్లో: కనిపించేది రాయండి, మీరు అనుకునేది రాయకండి.

నాకోసమే పుట్టిన ఉద్యోగం. "మనుషుల్ని అలా గుచ్చి గుచ్చి చూడకే" అని చిన్నప్పట్నుంచీ తిట్లు తిన్నది దీనికే కదా.

ఇది రాకపోతే ఒకటో తారీఖు నుంచి బావ టైల్స్ షాపు కౌంటర్లో కూర్చోవాలి. నాన్నతో ఒప్పందం. ఉన్న ఉద్యోగాన్ని మేనేజరు మొహాన కొట్టి ఇంట్లో కూర్చున్నదాన్ని, ఒప్పుకోక ఏం చేస్తాను? ఈ తెలివైన ఆలోచన బావదే అయ్యుంటుంది. బిల్లులు రాయడానికి ఇంట్లో మనిషి దొరికింది.

ఫోన్ కూడా చేశాడు. "షాపులో కంప్యూటరు ఖాళీగానే ఉంటుంది మరదలా, వచ్చి చేసుకో." వద్దన్నాను. అక్కడ టైల్స్ కోసే మిషను చప్పుడు. చప్పుడు వల్లే వద్దన్నాను. వేరే ఏం లేదు.

లైబ్రరీలో కంప్యూటర్లున్నాయి. ఊరికే వాడుకోవచ్చు.

శుక్రవారం, 13

ఊరికే ఏదీ రాదని పెద్దలు ఊరికే అనలేదు.

కంప్యూటర్లు నాలుగు. ఒకటోదానికి దుప్పటి కప్పి ఉంది, చనిపోయినవాళ్లకు కప్పినట్టు. రెండోదాని మీద ఒకావిడ ఎప్పుడూ పేకాట ఆడుతూ ఉంటుంది, తనతో తనే, ఓడిపోతే నాలుక చప్పరిస్తుంది. మూడోదానికి స్పేస్ నొక్కితే పడదు. మిగిలింది నాలుగోది, కిటికీ పక్కన, పదకొండు దాటితే తెర మీద ఎండ తప్ప ఏమీ కనబడదు.

డెస్క్ దగ్గర మేడం. పెదాలు కదలకుండా "ఉష్" అనగలదు. ఉష్ మేడం అని పేరు పెట్టాను. కళ్లజోడు మీదనుంచి చూస్తుంది, కళ్లజోడులోంచి చూడగా నేను చూడలేదు. గోడమీద నియమాల కాగితం ఆవిడే రాసినట్టుంది, అక్షరాలు కూడా చేతులు కట్టుకుని నిలబడ్డాయి. ఒక లైబ్రరీ కార్డుకు రోజుకు గంట. గంట అయ్యేసరికి కంప్యూటరు దానంతటదే ఆరిపోయి వెలుగుతుంది, మనం అందులో దాచినవన్నీ తుడిచేసి. కావలసినవి ఎవరి పెన్ డ్రైవ్‌లో వాళ్లు పట్టుకెళ్లాలి. పెన్ డ్రైవ్‌ని ముందు డెస్క్ దగ్గరున్న పాత మిషనులో పెట్టించి, వైరస్ లేదనిపించుకోవాలి.

"పెన్ డ్రైవ్ తెచ్చావా?" అంది.

"లేదండీ. ఇవాళ డెస్క్‌టాప్ మీద పెట్టుకుని, రేపొచ్చి..."

"రేపటికి ఉండదు."

"చిన్న ఫోల్డర్లో, ఒక మూలన..."

"ఏ మూలనా ఉండదమ్మాయ్. మూలలు కూడా తుడుస్తుంది."

నమ్మలేదు. పెట్టాను. సగం కూడా దిగకుండానే ఆరిపోయింది, వెలిగింది, ఏ మూలా లేదు. రెండో నంబరావిడ నావైపు తిరిగి నాలుక చప్పరించింది.

శనివారం, 14

పెన్ డ్రైవ్ కోసం అక్క దగ్గరికి వెళ్లాను. ఇంటికి, షాపుకు కాదు.

షాపు తెరిచిన రోజు బావ అందరికీ పంచిన పెన్ డ్రైవ్ అది. టైలు ముక్కలా నలుచదరంగా, తెల్లగా, మధ్యలో నీలం పువ్వు. బావకు ప్రపంచం అంతా టైల్సే. పైగా అంత వెడల్పున్నది పక్క రంధ్రాన్ని కూడా మూసేస్తుంది, ఇంకేదీ పెట్టనివ్వదు. మనిషి లాంటిదే వస్తువు.

"జాగ్రత్తే. అందులో నావి ఉన్నాయి" అంది అక్క.

"ఏమున్నాయి?"

"ఉన్నాయిలే. నువ్వు పారెయ్యకుంటే చాలు."

ఒకటే ఫోల్డరు, 'ఇల్లు' అని. తెరవలేదు. తెరవక్కర్లేకుండానే తెలుసు, టైల్స్ బొమ్మలు. షాపువాళ్లింట్లో ఇంకేముంటాయి.

సోమవారం, 16

స్కాను చేయడానికే నా గంటలో పావుభాగం పోయింది. ఆ పాత మిషను ఒక్కో ఫైలునీ పెళ్లిచూపుల్లో అత్తగారిలా చూస్తుంది. తరవాత డౌన్‌లోడ్ మొదలెట్టాను. నత్తకు నడక నేర్పినట్టుంది. ఎనభై. తొంభై. తొంభై రెండు దగ్గర కూర్చుని ఆలోచించుకుంది. తొంభై ఏడు.

ఆరిపోయింది.

"మేడం, మూడు శాతమే మేడం!"

"ఉష్."

మంగళవారం, 17

నిన్నటి గురించి రాయదలచుకోలేదు.

బుధవారం, 18

తెలివి నా ఒక్కదాని సొత్తే అనుకుంటూ అమ్మ కార్డు, నాన్న కార్డు కూడా పట్టుకెళ్లాను. కార్డుకు గంటయితే మూడు కార్డులకు మూడు గంటలు, ఒకటో తరగతి లెక్క. నా గంట అయిపోబోతుండగా డౌన్‌లోడ్ ఎనభై దాటింది. అమ్మ కార్డు నంబరు కొట్టాను. కొట్టగానే ఆరిపోయింది. కార్డు మారితే మనిషి మారినట్టేనట, మనిషి మారితే తుడవాలట! మళ్లీ సున్నా నుంచి.

ఈలోగా వెనకాల కళ్లజోడు.

"మీ అమ్మగారు వచ్చారా?"

"లేదండీ, బయట..."

"బయట ఎక్కడ?"

"ఇంట్లో."

"ఇంట్లో ఉంటే బయట అంటారా?" చెయ్యి చాపింది. రెండు కార్డులూ లాక్కుంది. "వాళ్లొచ్చి తీసుకుంటారులే."

ఇప్పుడు అమ్మను, నాన్నను లైబ్రరీకి తీసుకెళ్లాలి, పిల్లలు తప్పు చేస్తే బడికి పెద్దవాళ్లని పిలిచినట్టు. నాకు ఇరవై నాలుగేళ్లు.

ఇంటికొస్తే నాన్న, "ఎంతవరకొచ్చింది?" అన్నాడు. చెప్పాను. "బావ దగ్గరికెళ్లొచ్చుగా?" అన్నాడు. మళ్లీ చెప్పాను, చప్పుడని. "చెవుల్లో దూది పెట్టుకో" అన్నాడు.

గురువారం, 19

దిగింది! మొత్తం! నూటికి నూరు!

పొద్దున్నే వెళ్లి మెట్లమీద కూర్చున్నాను. మేడం తాళాలు తిప్పుకుంటూ వచ్చి, నన్ను చూసి, గడియారం చూసుకుని, తలుపు తీసింది. టైము ఇంకా కాలేదు, ఆవిడ గడియారం ముందుకు నడుస్తున్నట్టుంది. ఇంకో అదృష్టం, గంట దాటినా నాలుగో నంబరు ఆరిపోలేదు. మిషను మర్చిపోయినట్టుంది. మేడం ఏదో రాసుకుంటోంది, చూడలేదు. నేను ఊపిరి బిగబట్టి నూరు చూసి, టైలు ముక్కను లాక్కుని వచ్చేశాను. థాంక్స్ చెబితే ఎక్కడ గుర్తొస్తుందో అని చెప్పలేదు.

శనివారం, 21

రెండు రోజులుగా రాస్తున్నాను. పెన్ డ్రైవ్‌లోంచే సినిమా నడిపించుకుంటూ, రాసింది కూడా దాంట్లోనే పెట్టుకుంటూ, రోజుకో గంట.

సినిమా ఇంతే: రైల్వే వెయిటింగ్ రూములో ఒకామె. ఒళ్లో ఎర్ర గొడుగు. ఒకతను వచ్చి ఎదురుగా కూర్చుంటాడు. చాలాసేపు ఎవరూ మాట్లాడరు. ఆమె గొడుగు తీసి పక్క కుర్చీలో పెడుతుంది. నేను రాశాను: "అతన్ని గుర్తుపట్టి ఆమె కంగారుపడుతుంది." బాగుంది. గుర్తుపట్టిందని మొహంలోనే తెలుస్తోంది కదా.

మేడం వెనకనుంచి వెళ్తూ ఆగింది. చదివింది. ఎవరడిగారు?

"గుర్తుపట్టిందని ఎలా తెలుసు?" అంది.

"తెలుస్తోందండీ."

"నాకు తెలియడం లేదే" అంది, వెళ్లిపోయింది. కార్డులిచ్చే మనిషికి సినిమా గొడవ ఎందుకు? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

సోమవారం, 23

మూడొంతుల్లో రెండొంతులు అయింది. ఇంకా నాలుగు రోజులు. హాయిగా ఉన్నాను అని రాద్దామనుకున్నాను, ఈలోగా నాన్న.

నేను స్నానానికెళ్లినప్పుడు బల్లమీది పెన్ డ్రైవ్ తీసుకుని జిరాక్స్ షాపుకెళ్లాడట. పాత మెయిల్లోంచి నా రెజ్యూమే దింపించి, అందులో ఎక్కించి, ఇరవై కాపీలు తీయించాడు. పాలవాడికొకటి ఇచ్చి వచ్చాడు.

"పాలవాడికెందుకు నాన్నా?"

"వాడు పది ఇళ్లకు తిరుగుతాడమ్మా. ఎవరికి ఎవరు తెలుసో!"

"నేనేం తప్పిపోయిన పిల్లనా?"

"ఉద్యోగం తప్పిపోయిందిగా" అంది అమ్మ వంటింట్లోంచి. ఇద్దరూ నవ్వుకున్నారు. మా ఇంట్లో నవ్వులకు కొదవలేదు, నన్ను మినహాయిస్తే.

మంగళవారం, 24

వరసగా రాస్తాను.

వెళ్లేసరికి డెస్క్ దగ్గర మేడం లేదు, లోపల పుస్తకాల కట్టలు దింపించుకుంటోంది. స్కాను చేయించాలంటే ఆవిడ రావాలి. నా గంట మొదలైపోయింది. రోజూ చేయించేదేగా, నిన్నటిదాకా శుభ్రంగానే ఉందిగా అని నేరుగా నాలుగో నంబరులో పెట్టాను.

సినిమా లేదు. నేను రాసింది లేదు. ఏది నొక్కినా అది షార్ట్‌కట్, తలుపు బొమ్మ గీసిన గోడ. ఎటు నొక్కినా ఎక్కడికీ వెళ్లదు. 'ఇల్లు' కూడా అంతే. జిరాక్స్ షాపు వైరస్, ఇంకెక్కడిది? ఊరందరి పెన్ డ్రైవ్‌లూ ఎంగిలి చేసిన కంప్యూటరది.

రాసింది మెయిల్లో కూడా పెట్టుకోవాల్సింది. తెలుసు. పళ్లు తోముకోవాలని తెలిసినట్టు తెలుసు.

కోపం తలకెక్కింది. పోయిందేదో పోయింది, శుభ్రం చేసి మళ్లీ దించుకుందాం అనుకున్నాను. ఫార్మాట్ కొట్టాను. "అన్నీ తుడిచేస్తాను, సరేనా?" అని అడిగింది. సరే అన్నాను. ఉంటే కదా తుడవడానికి.

డౌన్‌లోడ్ మొదలెట్టాను. విచిత్రం, పరుగే పరుగు. ఎప్పుడూ లేనిది గుర్రంలా దూకుతోంది. అప్పుడు మేడం వచ్చింది. స్కాను చేయించకుండా పెట్టానని కనిపెట్టింది. తిట్టబోయింది, నా మొహం చూసి ఆగింది.

"ఏమైంది?"

చెప్పాను. అన్నీ షార్ట్‌కట్లయిపోయాయి, ఫార్మాట్ చేశాను, మళ్లీ దించుకుంటున్నాను.

"ఫార్మాట్ ఎందుకు చేశావు?"

"అన్నీ పోయాయి కదండీ."

"ఏవీ పోలేదు! దాచేస్తుంది అంతే, ఆ వైరస్. కనబడకుండా దాచి, ముందు ఉత్త బొమ్మలు పెడుతుంది. డెస్క్ దగ్గర పెట్టి ఉంటే రెండు నొక్కుల్లో బయటికి తీసేదాన్ని. అందుకేగా అక్కడ పెట్టమని గోడకి అంటించి చచ్చాను!" మొదటిసారి ఆవిడ గొంతు పెరిగింది. పేకాటావిడ ఆట ఆపి చూసింది.

"ఇప్పుడు?"

"ఇప్పుడైనా లోపల ఉంటాయి. పైన ఇంకేదీ రాయకపోతే తీయొచ్చు. నువ్వు ఏం దించుతున్నా వాటి మీదే పడుతుంది." తెరవైపు చూసింది. "ఆపు. ఆపేయ్. అందులో ఇంకెవరివైనా ఉన్నాయా?"

మా అక్కవి ఉన్నాయన్నాను. వెంటనే ఆపేశాను.

"ఇక్కడ ఏ ప్రోగ్రామూ ఎక్కించనివ్వరు నన్ను. సొంత కంప్యూటరున్న చోటికి వెళ్లు" అంది. ఒక చీటీ మీద ప్రోగ్రాము పేరు రాసిచ్చింది. పెన్ డ్రైవ్‌ని చిన్న కవరులో పెట్టి, మీద 'పెట్టవద్దు' అని రాసి ఇచ్చింది, మందుల షాపులో రాసిచ్చినట్టు.

సొంత కంప్యూటరున్న చోటు. నాకు తెలిసింది ఒకటే ఉంది.

బుధవారం, 25

అక్కకు చెప్పాను, షాపులో, నిలబడే. టైల్స్ కోసే మిషను ఆగి ఉంది. దాన్ని వారానికి రెండుసార్లే నడుపుతారట.

అక్క పిన్నుల డబ్బాలో పిన్నులు ఒక పక్కకు సర్దింది. తరవాత బావ చెప్పాడు, అక్క చెప్పలేదు.

"నేల డిజైన్లు మరదలా. మీ అక్క గీసినవి. ఏడెనిమిదేళ్లవి. పిల్ల పుట్టకముందునుంచీ ఉన్నాయి."

"షాపు కంప్యూటర్లో లేవా బావా?"

"ఉంచనిస్తే కదా! నేను ఆగలేక వచ్చినవాళ్లందరికీ చూపిస్తానని, ఆ టైలు ముక్కలో పెట్టుకుని కొంగుకు కట్టుకుని తిరుగుతుంది. సగం గీసినదాన్ని చూపిస్తే నా పరువు పోతుందంటుంది. నీ ల్యాప్‌టాప్‌లో ఇంకో కాపీ ఉందని ధీమా."

ఆ ల్యాప్‌టాప్ అక్కదే. నేను కాలేజీలో చేరినప్పుడు నాకిచ్చేసింది. అందులో ఎక్కడో 'ఇల్లు' ఉండి ఉంటుంది. నేను చూడలేదు. ఇన్నేళ్లూ నా ఒళ్లోనే పెట్టుకుని చూడలేదు. దానికి బుడంకాయ తలంటు పోసింది.

"అయినా నువ్వు ఒకటో తారీఖు నుంచి వస్తావుగా" అన్నాడు బావ. "అందుకే కదా నిన్ను రమ్మని మీ అక్క మీ నాన్న దగ్గర పోరింది. నువ్వు కౌంటర్ చూస్తే తను వెనకాల కూర్చుని గీసుకుంటానంది. నేను వద్దనే అన్నాను, దాని చదువేంటి, టైల్సేంటి అని."

"ఇక ఆపండి" అంది అక్క.

గురువారం, 26

పొద్దున్నుంచి షాపులోనే. ఒక పక్క మేడం చెప్పిన ప్రోగ్రాము పెన్ డ్రైవ్‌ని తవ్వుతోంది. ఇంకోపక్క నా సినిమా నేరుగా షాపు కంప్యూటర్లోకి దిగింది. ఇక్కడ ఏ గంటకూ ఏదీ ఆరిపోదు. రెండు వారాలు ఎందుకు లైబ్రరీకి తిరిగానో చప్పుడుని అడగాలి.

ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి. పేర్లు పోయి, నంబర్లతో. అక్క వెనక నిలబడి చూస్తోంది. ముదురు పచ్చ, నలుపు టైల్స్‌తో ఒక వరండా. చెస్ బల్లలా ఒక వంటిల్లు, కానీ మధ్యలో ఒక్క గడి కావాలనే తప్పు రంగు. ఒక స్నానాలగది, మూలనుంచి మూలకు నీటిచాలులా నీలం. నేను కస్టమర్నైతే ఇల్లు అమ్ముకునైనా ఈ నేల కొనుక్కుంటాను.

తరవాత సగం సగంవి వచ్చాయి. పైన గది, కింద బూడిద రంగు. ఒక మెట్లవరసకు మెట్లు లేవు. నేను రాసిన ఫైలు కూడా దొరికింది. తెరిస్తే అన్నీ డబ్బాలు, అక్షరం లేదు. తగిన శాస్తి.

"ఇవి రావా?" అంది అక్క, బూడిద మీద వేలు పెట్టి.

"వాటి మీద వేరేది పడిపోయిందే. డౌన్‌లోడ్."

"లైబ్రరీ ఆవిడ చెప్పగానే ఆపావుగా?"

"ఆ" అన్నాను.

మొన్నటి పేజీ ఇప్పుడే తిప్పి చదివాను. వెంటనే ఆపేశానని రాసి ఉంది. నా చేతిరాతే.

అరవై ఒకటి దగ్గర ఆపమంది ఆవిడ. అంత వేగంగా దిగడం రెండు వారాల్లో అదే మొదలు. టైల్స్ కేటలాగే కదా, బావ ఇంకోటి ఇస్తాడు కదా అనుకున్నాను. మేడం నా వైపు చూస్తోంది. నేను తెర వైపు చూస్తున్నాను. డెబ్బై నాలుగు దగ్గర ఆవిడే చెయ్యి చాపి పెన్ డ్రైవ్‌ని లాగేసింది. నేను ఆపనే లేదు.

శుక్రవారం, 27

పంపేశాను. గడువుకు కాస్త ముందు.

మొదటినుంచీ మళ్లీ రాశాను. బావ టీ తెచ్చిపెట్టాడు, పెట్టి వెళ్లిపోయాడు, ఒక్క ప్రశ్న అడగలేదు. కౌంటర్ అక్క చూసింది. "ఇదే టైలు నాలుగు రూపాయలు తక్కువకి అవతలిచ్చారు" అని ఒకాయన బేరమాడుతుంటే, "అయితే అవతలే కొనుక్కోండి, వాళ్లే వేయించి ఇస్తారు, ఊడితే నా దగ్గరికి రండి" అంది. ఇక్కడే కొనుక్కుని వెళ్లాడు.

గొడుగు దగ్గర ఆగిపోయాను. అదే చోటు మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి చూశాను. గుర్తుపట్టిందో లేదో నాకు తెలియదు. మొహం కిటికీ వైపు ఉంది, మొహంలో అసలేమీ కనబడదు. మరి కంగారు అని నేను దేన్ని చూసి రాశాను?

ఇలా మార్చాను: "ఆమె ఒళ్లోని గొడుగు తీసి పక్క కుర్చీలో పెడుతుంది. అక్కడ ఇక ఎవరూ కూర్చోలేరు."

శనివారం, 28

అమ్మనూ నాన్ననూ వెంటబెట్టుకుని లైబ్రరీకి వెళ్లాను, కార్డులు తెచ్చుకోవడానికి. నాన్న మేడంకు నా రెజ్యూమే ఒకటి ఇచ్చాడు. భూమి తెరుచుకోలేదు.

మేడం దాన్ని కళ్లజోడులోంచి చదివింది. "డిజైన్లు వచ్చాయా?" అంది నాతో. చాలావరకు వచ్చాయన్నాను. "చాలావరకు" అని ఆవిడ తిరిగి అంది, అంతే.

"మొన్న పొద్దున్న గంట దాటినా మిషను ఆరిపోలేదండీ, అది..."

"మర్చిపోయి ఉంటుంది" అంది మేడం. "ఉష్. అక్కడ చదువుకుంటున్నారు."

ఎవరూ చదువుకోవడం లేదు. పేకాటావిడ తప్ప ఎవరూ లేరు.

సోమవారం, 30

మెయిలు చూడలేదు. నాకేం తొందర లేదు. భోజనానికి ముందు చూడలేదు, భోజనం చేస్తూ చూడలేదు, అమ్మ "ఫోను పక్కన పెట్టి తినవే" అంటే అప్పుడు పక్కన పెట్టాను.

సాయంత్రం వచ్చింది. తీసుకున్నారు. నెలకు నాలుగు సినిమాలతో మొదలు, బాగుంటే పెంచుతారట. గొడుగు వాక్యం కింద గీత గీసి 'ఇలాంటివి కావాలి' అని రాశారు. ఇంకోచోట 'ఇది మీ ఊహ, తీసేయండి' అని. ఆఫీసేమీ లేదు, ఇంటి దగ్గర్నుంచే. కావాల్సిందల్లా ఒక మంచి కంప్యూటరు, ఆగని ఇంటర్నెట్టు.

నాన్న మిగిలిన రెజ్యూమేలు ఏం చేయాలని అడిగాడు. వెనకవైపు ఖాళీగా ఉన్నాయిగా, బుడంకాయకు బొమ్మలేసుకోవడానికి ఇవ్వమన్నాను.

మంగళవారం, 1

ఒకటో తారీఖు. టైల్స్ షాపులో కూర్చున్నాను. నుదుటిన రాసి ఉంటే అంతే.

పొద్దున్న కంప్యూటరు నాది, మధ్యాహ్నం నుంచి కౌంటరు నాది, కంప్యూటరు అక్కది. నేనే అడిగాను. బావ కొత్త పెన్ డ్రైవ్ ఇచ్చాడు, మామూలుది, నల్లది. టైలు ముక్కను అక్క నాకివ్వలేదు.

మధ్యాహ్నం షాపులో ఎవరూ లేనప్పుడు చెప్పాను. ఆపమన్నప్పుడు ఆపలేదని. అరవై ఒకటినుంచి డెబ్బై నాలుగువరకు చూస్తూ కూర్చున్నానని. ఎందుకో కూడా చెప్పాను.

తరవాతది కనిపించినంతే రాస్తాను.

అక్క కళ్లజోడు తీస్తుంది. కొంగుతో తుడుస్తుంది. ఒక అద్దం తుడిచాక అదే అద్దం మళ్లీ తుడుస్తుంది. పెట్టుకుంటుంది. తెర మీద సగం మెట్లవరస ఉంది, కింద బూడిద. అక్క పెన్సిల్ తీసుకుని, పక్కనున్న తెల్ల కాగితం మీద ఒక గీత గీస్తుంది. ఆగుతుంది. తలుపువైపు చూస్తుంది. తలుపు దగ్గర ఎవరూ లేరు. కాగితం తిప్పి చూస్తుంది, వెనకవైపు నా రెజ్యూమే. మళ్లీ గీతలవైపు తిప్పుతుంది.

పక్క స్టూలు మీద టైల్స్ నమూనాల పెట్టె ఉంది. అక్క దాన్ని రెండు చేతులతో ఎత్తి కింద పెడుతుంది.

స్టూలు ఖాళీగా ఉంది.